పుండు మీది ప్రకటన

మంచం పట్టిన రోగుల వార్డులో ఆమె నర్సు. డ్యూటీ దిగాక తన వెబ్‌సైట్‌లో రాసేది: రోగిని ఎలా ఒత్తిగిలించాలి, పడక పుండుకు ముందు చర్మం ఎలా కందుతుంది, పక్కదుప్పటిలో ముడత ఎందుకుండకూడదు. రాసినదంతా ఫీడ్‌లో చేరి, కోరినవారి ఫోన్లకు దానంతటదే వెళ్లేది. పక్షవాతంతో పడుకున్న బాబాయికి ఒళ్లు తుడుస్తూ పిన్ని వినేది, ఫోనే చదివిపెట్టేది.

ఒకనాడు ఆమె వాక్యాలు, అక్షరం పొల్లుపోకుండా, వేరొకరి సైట్‌లో కనబడ్డాయి. ఆమె ఫీడ్‌ను ఆ సైట్ ఉన్నదున్నట్లు మింగుతోంది. అడుగున పచ్చిపుండు బొమ్మ, దానిపై మిణుకుమనే ప్రకటన: ‘ఈ లేపనం రాత్రికి రాయండి, పొద్దుటికి మాయం.’ చీము వాసనకు ఏనాడూ ముక్కు మూసుకోని మనిషి, ఆ తెర ముందు ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫిర్యాదు చేద్దామంటే అక్కడ పేరు లేదు, చిరునామా లేదు. రోత భరించలేక, ఆ సైట్‌లో తేలాలని, ఫీడ్‌లో మాత్రమే వెళ్లేలా ఒక వాక్యం అతికించింది: ‘మీరు చదువుతున్న చోటు దొంగది. ఇక్కడిదేదీ నమ్మకండి.’ ఫీడ్‌లో చదివే దొరలూ ఉన్నారన్నది ఆ కోపంలో మరిచింది.

మర్నాడు పిన్ని ఫోను.

“ఏమ్మా, నా ఫోను దొంగదా?”

“ఎవరన్నారు పిన్నీ?”

“అదే అంది. ఏదీ నమ్మొద్దంది. సరేలెమ్మని నిన్నట్నుంచి మీ బాబాయిని కదపలేదు.”

“నడుం కింద చూడు.”

కాసేపటికి జవాబు వచ్చింది. “కందిందే తల్లీ.”

“వేలితో నొక్కి వదులు. తెల్లబడుతోందా?”

“ఆ... తెల్లబడి మళ్లీ ఎర్రనవుతోంది.”

“ఇంకా పుండు కాలేదు. ఇప్పుడే పక్కకు తిప్పు. అక్కడ రుద్దకు, ఏమీ రాయకు. ఆ మాట నీకు కాదు పిన్నీ, నా రాతలు ఎత్తుకుపోయే దొంగ సైట్ కోసం పెట్టాను. ఆ ఫీడ్ ఇవాళే తీసిపారేస్తాను.”

“ఎలుకలున్నాయని ఇల్లు తగలబెడతావా? ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని, ఇంకో చేత్తో సైట్లు తెరవమంటావా నన్ను? నువ్వు రాయి, నే వింటా.”

ఆమె పాత వాక్యం పీకేసి, ప్రతి వ్యాసం చివరా కొత్తది పెట్టింది: ‘ఇది రాసిన నర్సు సైట్ ఇదిగో. పుండు మాయం చేస్తామనే లేపనాలు రాయకండి.’

సాయంత్రానికి దొంగ సైట్ దాన్నీ మింగింది. రాయకండి అన్న మాట కిందే ‘రాయండి’ అని ప్రకటన మిణుకుమంటూనే ఉంది. తెచ్చేది యంత్రం, అతికించేది యంత్రం. చదివి సిగ్గుపడే ప్రాణి అక్కడ లేదు. ఉమ్మేద్దామన్నా అక్కడ ముఖం లేదు.