గోడకేసి తిప్పిన అద్దం

ఇన్నయ్య అద్దాన్ని ఎప్పుడూ వెనకనుంచే పట్టుకుంటాడు. గోడవైపు మొహం పెట్టి వేలాడుతున్నదాన్ని మేకు మీంచి తీసి, చెక్క వీపును గుండెకు ఆనించుకుని తెచ్చి, వసారాలో పీట మీద నిలబెడతాడు. ఎత్తుకున్నంతసేపూ చెక్క సన్నగా అదురుతున్నట్టుంటుంది, అవతల ఎవరో నిలబడి తల దువ్వుకుంటున్నట్టు.

అద్దం ముందు నాపరాయి మీద కాగితం పరిచాడు. కాగితం మీద జంట గీతలతో నక్షత్రం బొమ్మ. దానికి పైన, కిరసనాయిలు డబ్బా కోసి వంచిన రేకు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ రేకు అడ్డం వచ్చి తన చెయ్యి కనపడదు. అద్దంలో మాత్రం తిరగబడి కనపడుతుంది. దాన్ని చూస్తూ రెండు గీతల మధ్య పెన్సిలు నడపాలి. మొదట్లో ఎవరికైనా చెయ్యి మొరాయిస్తుంది. రోజులు గడిచేకొద్దీ దారికొస్తుంది. అది దారికొచ్చే తీరును లెక్క కట్టి చూపిస్తే, మద్రాసులో మనస్తత్వశాస్త్రం ఎమ్మేలోకి ఇన్నయ్యను మళ్ళీ రానిస్తారు. లేకపోతే పేరు కొట్టేస్తారు.

పక్కింటి జైనాబ్ బీ ముసుగు నుదుటి మీదికి లాక్కుని చతికిలబడింది. బొంతలు కుట్టి కుట్టి ఆమె చూపుడువేలు కొస గట్టిపడి నల్లబడింది.

"ఎన్నాళ్ళురా ఈ ఆట? ఆ కరణం గారావిడ బొంత నిన్ననే ఇయ్యాల్సింది. ఇయ్యాల కూడా ఇయ్యకపోతే బొంతకి బదులు నన్నే చుట్టుకొని పోద్ది."

"ఇయ్యాల్టితో సరి అవ్వా. సాయంత్రం బండికి పోతన్నా."

ఆమె కాగితాన్ని ఒకసారి తేరిపార చూసింది. అతను రేకు దించి, కాలేజీవాళ్ళు అరువిచ్చిన గడియారం నొక్కాడు. పెన్సిలు జంకు లేకుండా సాగింది. కిందిమూల దగ్గర గీత దాటి బయటికి పోయింది. మొదటిరోజు నుంచీ అక్కడే దాటుతోంది. పట్టిన సమయమూ ఇంచుమించు అంతే. నేర్చుకోవడం లేదు, మరిచిపోవడమూ లేదు. ఇలాంటి మనిషి పుస్తకంలో ఎక్కడా లేదు.

ఆమె పోయాక అద్దాన్ని మళ్ళీ గుండెకు ఆనించుకుని, గోడవైపు తిప్పి తగిలించాడు. గడ్డం చేత్తో తడుముకుంటూ గీసుకున్నాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. అంతకు ముందటి వేసవిలో అతను మద్రాసులో పరీక్షలకు కూర్చున్నప్పుడు, ఇక్కడ మాచర్లలో అతని భార్య దీనమ్మకు జ్వరం వచ్చింది. అతని పరీక్ష చెడుతుందని ఆమే కబురు పంపనియ్యలేదు. తంతి అందేటప్పటికే ఆమెను పూడ్చేశారు. బండి దిగి వచ్చి చూస్తే ఇల్లు అలికి ఉంది, మంచం ఎత్తి ఉంది, అద్దం గోడకేసి తిరిగి ఉంది. చావు ఇంట అలా తిప్పడం ఆ వీధిలో అందరికీ ఆచారం. మిగిలిన పరీక్షలకు వెనక్కి వెళ్ళాడు. కాగితం ముందు కూర్చుని, తన నంబరు వేసి, గంట కొట్టేదాకా కిటికీలోంచి చూశాడు. తప్పాడు. ఆచార్యుడు పెద్దమనిషి. ఏడాది ఇంటిదగ్గర ఉండి, ఒక మనిషి మీద ఒక ప్రయోగం నిఖార్సుగా చేసి తెమ్మని షరతు పెట్టి పంపాడు.

ఈ ఏడాది అతను పాఠాలు చెబుతున్న మిషన్ బడిలో ఆ రోజు ఒంటిపూట. హెడ్మాస్టరు ధనుంజయరావు సంతకం పెట్టించుకుంటూ అతని దవడ వంక చూశాడు.

"మేష్టారూ, ఎడం పక్కన గడ్డం మిగిలిపోయింది."

ఇన్నయ్య తడుముకున్నాడు.

"మనసు మీద చదువేందయ్యా? పంతుళ్ళ ట్రైనింగు, ఆ బీటీ చేస్తే ఈపాటికి పర్మనెంటయ్యేవాడివి. పైగా ఒకసారి తప్పినోడివి."

"ఇంకోసారి చూస్తానండీ."

ఎండలో ఇంటికి నడుస్తూ జైనాబ్ బీకి పట్టిన సమయాల అంకెలే తలుచుకున్నాడు. చివరివి కాస్త తగ్గించి రాస్తే చాలు, ఆమె నేర్చుకున్నట్టు గ్రాఫులో గీత దానంతటదే కిందికి దిగుతుంది. మద్రాసులో ఎవరొచ్చి జైనాబ్ బీని అడుగుతారు?

రాయడానికి కూర్చున్నాడు. నివేదిక చివర, ప్రయోగానికి కూర్చున్న మనిషి తన అనుభవం తన మాటల్లో చెప్పాలి. అదొక్కటే మిగిలింది. గోడ అవతలికి వెళ్ళాడు. ఆమె బొంత మీద వంగి ఉంది.

"అవ్వా, అద్దంలో నీ చెయ్యి ఎట్టా కనపడుద్ది? ఎటు పోతన్నట్టుంటది?"

"నేనెప్పుడు చూశా?"

"చూడకుండా ఎట్టా గీశావ్?"

"కళ్ళు మూసుకొని. కాయితం ముందే చూస్తన్నాగా. సూది పనీ అంతేగా."

ఇన్నయ్య గడప మీద కూర్చున్నాడు.

"ఎందుకవ్వా? చూడమనేగా నిన్ను కూర్చోబెట్టింది."

ఆమె దారం కొరికింది. "అది ఆ పిల్ల అద్దంరా. ఆ ఇంటోడివి నువ్వు ముందు మొగం చూసుకోకుండా ఇంకోళ్ళు ఎట్టా చూస్తారు? ఇయ్యాల చూసుకుంటాడేమో, రేపు చూసుకుంటాడేమో అని నేనూ చూశా. నువ్వు దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చేవాడివి. నేనేమని చెప్పేది?"

ఆమె సూదిని బొంతకు గుచ్చి పక్కన పెట్టింది.

"లేరా," అంది. "బండికింకా పొద్దుంది. నువ్వు మొగం చూసుకుంటే నేనొచ్చి మళ్ళీ గీస్తా."

ఇంట్లో చల్లగా, చీకటిగా ఉంది. అద్దం అంచులు రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. అందులో దీనమ్మ లేదు. ఎడమ దవడ మీద మాసిన గడ్డంతో, కళ్ళకింద నలుపుతో, తనకంటే పెద్దవాడెవరో ఉన్నాడు. కిందిమూల, ఆమె పట్టుకునే చోట, కొబ్బరినూనె వేలిముద్ర దుమ్ము పట్టి మిగిలి ఉంది. ఆ ముద్ర మీదికి తన వేలు తీసుకెళ్ళి, తాకకుండా ఆగాడు. అలాగే నిలబడ్డాడు, గుమ్మంలో జైనాబ్ బీ దగ్గేదాకా.

ఈసారి ఆమె ముసుగు వెనక్కి తోసుకుంది. పెన్సిలు కదలగానే ఉలిక్కిపడింది.

"ఓర్నీ, ఇటు పొమ్మంటే అటు పోతదేంది? ఇది నా చెయ్యేనా?"

గీత సాలెపురుగు నడిచినట్టు అల్లిబిల్లిగా పోయింది. ఆమె తిట్టుకుంది, నవ్వింది, మళ్ళీ కూర్చుంది. మధ్యలో వెళ్ళి నాలుగు కుట్లు వేసుకొచ్చింది. ఎండ వసారా దిగేసరికి పెన్సిలు మూలల దగ్గర ఆగి, ఆలోచించుకుని, తిరగడం మొదలుపెట్టింది.

"ఇంతకీ నేను పాసా?"

"నువ్వు పాసే అవ్వా. నా సంగతే తెలవదు."

పాత కాగితాలనూ పారెయ్యలేదు. ఇవి చెల్లవని వాటి పైన రాసి, ఎందుకు చెల్లవో కింద రాశాడు. ఒక్క మధ్యాహ్నపు గీతలు చాలవని ఆచార్యుడు అనవచ్చు. అంకెలు మాత్రం ముట్టుకోలేదు. ట్రంకుపెట్టె భుజాన వేసుకుని, తాళంచెవి జైనాబ్ బీ చేతిలో పెట్టాడు.

"అన్నం తిను, చానా చిక్కావ్," అంది ఆమె. "అద్దంలో చూశావుగా."

బండి కూత చంద్రవంక వాగు దాకా వినిపించింది. తాళం వేసిన ఇంట్లో అద్దం గదివైపు మొహం పెట్టి మేకుకు వేలాడుతోంది. తలుపు సందులోంచి వచ్చిన ఎండ కిందిమూల దాకా పాకి, ఆ నూనె వేలిముద్ర మీద కాసేపు నిలిచింది.