నూటికి పన్నెండు

ఆ కార్ఖానా వాళ్ళు వంద పింగాణీ కప్పులు అడిగితే నూట పన్నెండు పంపేవారు. ఆ పన్నెండూ దారిలో పగిలిపోయేవన్నమాట! ఊరి నుంచి హైవేకి పద్నాలుగు కిలోమీటర్లు. అందులో రోడ్డు అనదగింది రెండు కిలోమీటర్లు కూడా లేదు.

పెట్టెల్లో కప్పులు సర్దే ఆవిడ పాత కాగితాలు కుక్కింది, రంపపు పొట్టు కుక్కింది, చివరికి ఇంట్లో దుప్పటి చింపి మరీ కుక్కింది. అయినా పగిలేవి పగులుతూనే ఉన్నాయి. ఈమధ్య పన్నెండు కాస్తా ఇరవై అయ్యాయి. కొనేవాళ్ళు విసిగిపోయి పొరుగు జిల్లా సరుకుకు మళ్ళారు. అక్కడి కప్పులు వంకరటింకరగా ఉన్నా, వందకు వందా చేరేవి.

యజమాని ఆవిడకు స్వయానా బావ, అక్క మొగుడు. నష్టం వచ్చేసరికి ఆయనకు గుంతలు కనపడలేదు, మరదలి చేతులు కనపడ్డాయి.

"నీ సర్దుడులోనే ఏదో లోపం ఉందమ్మాయ్! ఇంకోసారి ఇలా అయితే వేరే మనిషిని పెట్టుకుంటాను."

"ఒక్కసారి ఆ లారీ ఎక్కి వెళ్ళిరా బావా, లోపం ఎక్కడుందో తెలుస్తుంది."

"అమ్మో, ఆ దారిలోనా! నా నడుం ఏం కావాలి?"

"మరి కప్పులేం కావాలి?"

రోడ్డు కోసం ఊరివాళ్ళు అర్జీల మీద అర్జీలు పెడితే పైవాళ్ళు కదిలారు. రోడ్డు వేయడానికి అనుకునేరు! పనివాళ్ళకు నైపుణ్యం చాలడం లేదని శిక్షణ ఇవ్వడానికట. శిక్షణాధికారి కారు ఊరి మొదట్లోనే గుంతలో దిగబడింది. పనివాళ్ళే వెళ్ళి తోశారు. ఆయన ప్యాంటుకంటిన బురద దులుపుకుని, సరుకు భద్రంగా ఎలా పంపాలో గంటసేపు ఉపన్యాసం దంచాడు. ఏమనాలండీ ఇలాంటివాళ్ళని?

ఆరు నెలలు తిరక్కుండా బావ కార్ఖానా ఎత్తేసి, పొరుగు జిల్లాలో హైవే పక్కన పెట్టాడు. నలభైమంది పనివాళ్ళు ఉన్నచోటే ఉండిపోయారు. పెళ్ళాం పోరు పడలేక మరదల్ని మాత్రం, "ఇదే ఆఖరి అవకాశం" అంటూ తీసుకువెళ్ళాడు.

కొత్తచోటి నుంచి వెళ్ళిన మొదటి సరుకులో ఒక్క కప్పు పగల్లేదు. బావ ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"భేష్! ఇన్నాళ్ళకి నీ చెయ్యి కుదిరిందమ్మాయ్!"

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"నా చెయ్యి ఎప్పుడూ కుదురుగానే ఉంది బావా. అక్కడ పనిలేక కూర్చున్న నలభైమంది చేతులూ ఇలాంటివే. వాళ్ళకి చేతకాదని ముద్ర వేసి వచ్చేశాం, సిగ్గులేకపోతే సరి! నీకూ, ఆ శిక్షణ ఇచ్చిన పెద్దమనిషికీ కలిపి చెబుతున్నా. ఊరు వెనకబడిందని మనుషుల్ని తిట్టేముందు, ఆ ఊరికి దారి వేశారో లేదో చూసుకోండి!"