తొమ్మిది అడుగుల ఇవతల

నేను ఒక కాఫీ క్యానును. కరెంటు మీద కాచే రకం, అరవై కప్పులు పడతాను. అల్యూమినియం పొట్ట, కింద నల్లటి కుళాయి, దాని పక్కన ఎర్ర దీపం. దీపం వెలిగితే లోపలిది తాగడానికి సిద్ధమని అర్థం. నేను చదువుకున్న చదువంతా అదే. జ్ఞాపకం మాత్రం, నాయనలారా, అడుగున పట్టిన మరకలాంటిది. ఎంత తోమినా పోదు.

అమెరికాలో దక్షిణంవైపు బెల్‌మోర్ అని ఒక జిల్లా ఉంది, అక్కడ దాన్ని కౌంటీ అంటారు. ఆ కౌంటీలో వాళ్ళంతా నన్ను టీవీలో చూశారు. ఒకసారి కాదు, వందలసార్లు. చూసిన ప్రతిసారీ పదకొండు సెకన్లే. ఆ పదకొండు సెకన్లలో నేను ఓట్లు కొనే దొంగని. అంతకు ముందు యాభై ఏళ్ళు ఏం చేశావమ్మా అని ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పుకోవడం నాకలవాటు.

పుట్టింది ఉత్తరాన, ఒక పెద్ద సరస్సు పక్కన ఉన్న కర్మాగారంలో. రేకుని గుండ్రంగా వంచి, అంచులు మడిచి, కుళాయి బిగించి అట్టపెట్టెలో పెట్టారు. పెట్టె తెరిచేసరికి చర్చి హాలు, నా ఎదురుగా డోరిస్ అనే ఆవిడ. సన్నగా పొడుగ్గా ఉండేది. నన్ను మొదటి ఆదివారమే కింద పడేసి, నడుము దగ్గర సొట్ట పెట్టి, అయ్యో అని ముద్దు కూడా పెట్టుకుంది.

ఆ హాల్లోనే నేను ఎన్నికలంటే ఏమిటో మొదట చూశాను. పోటీ చేసేవాడు వచ్చేవాడు, నా దగ్గర కాఫీ పట్టుకునేవాడు, బెంచీల మధ్య తిరిగి అందరి చేతులూ ఊపేవాడు. గోడ పక్కన ఊరి వారపత్రిక రాసే బొద్దు మనిషి కూర్చునేవాడు. ఆయన మూడు కప్పులు తాగేవాడు, అందరూ చెప్పిందంతా రాసుకునేవాడు. వంతెన గురించి ఎవరేమన్నారో, బడి కప్పు గురించి ఎవరు తడబడ్డారో అంతా గురువారం పత్రికలో వచ్చేది. డోరిస్ ఆ పత్రిక మీదే నన్ను బోర్లించి ఆరబెట్టేది.

తర్వాత పత్రిక మూతపడింది. ఎందుకో నాకు తెలియదు. బొద్దు మనిషి రావడం మానేశాడు. పోటీ చేసేవాళ్ళు కూడా రావడం మానేశారు, వాళ్ళని టీవీలో చూసుకోమన్నారు. హాల్లోకి కొత్త కాఫీ మిషను వచ్చింది. నేను ఒక శనివారం పొద్దున పచ్చిగడ్డి మీద పాత బూట్ల పక్కన అమ్మకానికి కూర్చున్నాను.

నన్ను కొన్నది వర్ధనమ్మ. రేపల్లె మనిషి. భర్తతో పాటు వచ్చి, హైవే పక్కన మోటెల్లో పదిహేడేళ్ళు దుప్పట్లు ఉతికింది. భర్త పోయాక మేనకోడలు హైమ దగ్గర ఉంటోంది. నన్ను ఇంటికి తీసుకెళ్ళి మూత తీసి వాసన చూసి, "ఛీ, కాఫీ కంపు" అంది. చింతపండు పెట్టి మూడు రోజులు తోమింది. నాలుగో రోజు నాలో అల్లం టీ కాచింది. యాభై ఏళ్ళ వయసులో నాకు కొత్త కాపురమన్నమాట. తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకీ, పూజలకీ నన్నే తీసుకెళ్ళేవారు. వర్ధనమ్మది ఒకటే సూత్రం. గడప తొక్కినవాళ్ళు గొంతు తడుపుకోకుండా వెళ్ళకూడదు. పోస్టు తెచ్చేవాడైనా, పైపులు బాగుచేసేవాడైనా సరే.

హైమ కౌంటీ ఆసుపత్రిలో పురుళ్ళ వార్డు నర్సు. పద్నాలుగేళ్ళుగా ఆ ఊరి పిల్లలు ముందు చూసే ముఖం ఆమెదే. ఆ వార్డుకి కౌంటీ డబ్బు ఇస్తుంది. దాన్ని ఆపి వార్డు మూసేద్దామని గ్రాడీ అనే కమిషనరు అన్నాడు. మూసేస్తే నొప్పులొచ్చిన ఆడది నలభై ఏడు మైళ్ళు పోవాలి. ఓట్లతో గెలిచి కౌంటీని నడిపే ఈ కమిషనర్లు ఐదుగురు, ఇద్దరు అటు, ఇద్దరు ఇటు, మధ్యలో గ్రాడీ ఓటు. అందుకని హైమ గ్రాడీ సీటుకే పోటీకి దిగింది. ఆ సీటు వస్తే వార్డు ఉంటుంది, రాకపోతే పోతుంది. ఇంతవరకు నాకు బాగానే అర్థమైంది. నా అయోమయం మొదలైంది ఆ తర్వాతే.

పోటీకి దిగింది కదా, ఇక ఇల్లిల్లూ తిరుగుతుంది, నాకు చేతినిండా పని అనుకున్నాను. ఆమె తిరగలేదు. డ్యూటీ దిగి వచ్చి, తలుపేసుకుని, రోజుకి నాలుగు గంటలు ఫోనులో మాట్లాడేది. ప్రచారం నడిపే మార్లిన్, రిటైరైన లెక్కల టీచరు, పక్కన కూర్చుని పేర్లు అందించేది. అవతలివాళ్ళు ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో. వాళ్ళకి ఇక్కడ ఓటే లేదు.

"అదేందే హైమా," అంది వర్ధనమ్మ ఒకరోజు టీ తెచ్చి ఇస్తూ, "ఓట్లడుక్కునేవాళ్ళని చూశా గానీ, ఓట్లడగటానికి డబ్బులడుక్కునేవాళ్ళని ఇక్కడే చూస్తన్నా."

"టీవీలో కనపడాలంటే డబ్బు కావాలత్తా."

"మొన్న టీవీవాళ్ళే ఇంటికొచ్చి ఇరవై నిమిషాలు నీతో మాట్టాడిపోయారుగా? నా చేత్తో టీ కూడా తాగారు."

"అది వార్త. నేను చెప్పేది ప్రకటన. దానికి మనం కట్టుకోవాలి."

"సరే, ఆ వార్తన్నా ఏశారా?"

"లేదత్తా. ఆరోజు ఎవరిదో గుర్రం ఈతకొలనులో పడింది. అది వేశారు."

"గుర్రం బతికిందా?"

"బతికింది."

"పోన్లే," అంది వర్ధనమ్మ, కానీ ఆమె ముఖంలో ఏదో లెక్క కుదరలేదు. నాకూ కుదరలేదు.

డబ్బు కోసం ఒక డాక్టరుగారి ఇంట్లో విందు పెట్టారు. తినేవాళ్ళు పళ్ళేనికి వెయ్యి డాలర్లు కట్టాలట. నన్నూ తీసుకెళ్ళారు గానీ నా సొట్ట చూసి వంటింటి తలుపు వెనక పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు కారులో వర్ధనమ్మ మెల్లిగా అడిగింది, "ఆ పళ్ళెం ఇంటికి తెచ్చుకోనిస్తారంటే?" హైమ ఆ రోజంతా నవ్వనిది అప్పుడు నవ్వింది.

గ్రాడీ తరఫున టీవీలో రోజుకి ఇరవైసార్లు ప్రకటన వచ్చేది. గంభీరమైన గొంతు, హైమ ముఖం, ఆమె పన్నులు పెంచుతుందని పెద్ద అక్షరాలు. ఇచ్చింది గ్రాడీ కాదు, 'మేలుకున్న ఇరుగుపొరుగు' అనే సంఘం.

"మన ఇరుగూ పొరుగూ వాళ్ళేనా?" అని వర్ధనమ్మ కిటికీలోంచి చూసింది.

"కాదత్తా. వాళ్ళెవరో ఎవరికీ తెలీదు. చెప్పక్కర్లేదట."

"పేరు చెప్పని పొరుగోళ్ళేందే, దయ్యాల్లాగా!"

ఎన్నికల రోజుకి ముందే ఓటేసే వీలుంటుంది అక్కడ. మా ఊరికి ఒక్కటే చోటు, గ్రంథాలయం. అక్టోబరు చివర, ముసురు పట్టిన పొద్దున, వర్ధనమ్మ తన ఓటు వేసి వచ్చింది. వచ్చి కుదురుగా కూర్చోలేకపోయింది. "లైను ఆ మలుపు దాకా ఉంది. అంతా ముసలీ ముతకా. చలికి బిగుసుకుపోతన్నారు," అని తనలో తనే అనుకుంటూ అల్లం దంచింది. నన్ను నింపి, దుప్పటి చుట్టి, కారు ముందుసీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. శాలువా జారిపోతుంటే పిన్నీసు కోసం వెతికింది. దొరకలేదు. బల్ల మీద హైమ పేరున్న ప్రచారం బ్యాడ్జీలు కుప్పగా ఉన్నాయి. ఒకటి తీసి శాలువాకి గుచ్చుకుని బయల్దేరింది.

అదీ సంగతి. దీన్నే తర్వాత కుట్ర అన్నారు.

గ్రంథాలయం ముందు బెంచీ మీద నన్ను పెట్టింది. "టీ, టీ, హాట్, హాట్, ఫ్రీ," అని కాగితం కప్పులు అందించింది. ఎవరికి వేస్తారని ఎవర్నీ అడగలేదు. గ్రాడీ పేరున్న టోపీ పెట్టుకున్న ఒకాయన రెండుసార్లు పట్టుకున్నాడు. లైన్లో ఊతకర్ర పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. నా నడుము దగ్గర సొట్ట తడిమి, "ఇది నాదే! దీన్ని నేనే పడేశాను!" అని అరిచింది. డోరిస్! ఎనభై నాలుగేళ్ళు వచ్చాయి. ఒక గుటక తాగి, "ఇందులో ఏం పోశారమ్మా, కాఫీ ఇట్లా ఎందుకుంది?" అంది. వర్ధనమ్మకి ఆ ఇంగ్లీషు సగమే అర్థమైంది. "జింజర్, జింజర్," అని తన గుండె మీద చెయ్యి వేసి చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నా యాభై ఏళ్ళలో అంత మంచి పొద్దు లేదు.

లైను చూపిద్దామని వచ్చిన టీవీ కెమెరా మా వైపు తిరిగింది. రిపోర్టరు బ్యాడ్జీ వైపు వేలు పెట్టి అదెవరని అడిగింది. వర్ధనమ్మ శాలువా సర్దుకుని, బ్యాడ్జీ బాగా కనిపించేట్టు నిలబడి, "మై గర్ల్," అంది గర్వంగా.

పావుగంటలో ఎన్నికల ఆఫీసు ఆయన టేపు పట్టుకుని వచ్చాడు. మంచివాడే, ముఖం ఇబ్బందిగా పెట్టాడు. గుమ్మం దగ్గర నుంచి నా దాకా కొలిచాడు. నూట నలభై ఒక్క అడుగులు. ఆ రాష్ట్రంలో నూట యాభై అడుగుల లోపల ఓటరుకి తినడానికి గానీ తాగడానికి గానీ ఏమీ ఇవ్వకూడదు, పోటీ చేసేవాళ్ళ పేరో గుర్తో తగిలించుకుని నిలబడకూడదు. ఇంకో తొమ్మిది అడుగులు వెనక్కి జరిగి, ఆ బ్యాడ్జీ తీసేసి ఉంటే నేను పుణ్యాత్మురాలిని. తొమ్మిది అడుగుల ఇవతల ఉన్నాను కాబట్టి సాక్ష్యాన్ని. నా మెడకి చీటీ కట్టి, మిగిలిన టీ వానలో పారబోసి, తీసుకెళ్ళారు.

ఎన్నికల ఆఫీసు బీరువా మీద నన్ను పెట్టారు. ఎదురుగా పొద్దస్తమానం మోగే టీవీ. అందుకే మిగతాదంతా నాకు తెలుసు. ఆ సాయంత్రం వార్తల్లో నేను వచ్చాను. వర్ధనమ్మ చెయ్యి, కప్పు, బ్యాడ్జీ, "మై గర్ల్". పదకొండు సెకన్లు. డోరిస్ లేదు. గ్రాడీ టోపీ లేదు. వాన కూడా లేదు. రెండో రోజుకి అవే పదకొండు సెకన్లు 'మేలుకున్న ఇరుగుపొరుగు' ప్రకటనలో వచ్చాయి. బొమ్మ నలుపు తెలుపు చేశారు, వెనక చావు సంగీతం పెట్టారు. నా ఎర్ర దీపం కూడా నల్లగా కనపడింది. తర్వాత నలుగురు కోటు వేసుకున్నవాళ్ళు కూర్చుని, ఈ టీ వ్యవహారం ఎన్నిక మీద ఎంత ప్రభావం చూపుతుందని గంట మాట్లాడారు. మధ్యలో ప్రకటన. ప్రకటనలో నేను. అయిపోగానే మళ్ళీ వాళ్ళు, వెనక గోడ మీద నేను. ఏది వార్తో, ఏది డబ్బు కట్టి వేయించిందో నాకు పోల్చుకోవడం చేతకాలేదు. పురుళ్ళ వార్డు మాట ఎక్కడైనా వస్తుందేమో అని విన్నాను. రాలేదు.

ఒకటి మాత్రం నా బుర్రకి అస్సలు ఎక్కలేదు. వెయ్యి డాలర్ల పళ్ళెం తప్పు కాదు. పేరు చెప్పని పొరుగువాడి డబ్బు తప్పు కాదు. చలిలో పోసిన టీ తప్పు. పెద్దవాళ్ళు పెట్టిన రూలు, ఓట్లు కొనకుండా ఆపడానికే పెట్టి ఉంటారు. వర్ధనమ్మ ఊళ్ళో ఓటుకి నోటు పంచడం ఆమె కళ్ళారా చూసిందే కాబట్టి రూలు ఉండాలని ఆమే అంటుంది. అయినా ఎక్కడో టేపు తప్పుగా పట్టుకున్నారని నాకనిపిస్తుంది. ఎక్కడో చెప్పమంటే చెప్పలేను.

హైమ మూడు వందల పన్నెండు ఓట్లతో ఓడిపోయింది.

డిసెంబరులో విచారణ. వర్ధనమ్మ జరీ చీర కట్టుకుని వచ్చింది. మనిషి సగమైంది. నాలుగు వారాలుగా ఇంట్లో అల్లం దంచలేదని హైమ మార్లిన్‌తో అంటుంటే విన్నాను. నన్ను చూడగానే వర్ధనమ్మ కళ్ళు తిప్పుకుంది.

టేపు పట్టిన ఆయనే అడిగాడు, హైమ తెలుగులో చెప్పింది. "ఓటర్లని ఏమన్నా అడిగారా?"

"అడిగా," అంది వర్ధనమ్మ.

ఆయన పెన్ను తీశాడు.

"చక్కెర సరిపోయిందా అనడిగా."

"మరి ఆ బ్యాడ్జీ ఎందుకు పెట్టుకున్నారు?"

"పిన్నీసు కనపళ్ళా నాయనా."

ఓట్లు కొనే ఉద్దేశం లేదని ఆయన కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత కేసు కొట్టేశాడు. నా మెడలో చీటీ తీసేశాడు.

వర్ధనమ్మ మాత్రం వెళ్ళలేదు. వరండాలో బల్ల మీద నన్ను పక్కన పెట్టుకుని కూర్చుంది. టీవీవాళ్ళు వస్తారని, తన తప్పు లేదని చూపిస్తారని. అందుకే జరీ చీర. మార్లిన్ ఛానెల్‌కి ఫోను చేసింది. అది పాత వార్త అన్నారట. నాలుగింటి దాకా కూర్చుని లేచి, "నా వల్లేనంటే హైమా?" అంది.

"నీ వల్ల కాదత్తా."

"మరి ఎవరి వల్ల? ఆ గుర్రం వల్లా?"

హైమ నన్ను ఎత్తుకుని కారు వైపు నడిచింది.

మార్చిలో పురుళ్ళ వార్డు మూసేశారు. ఇప్పుడు రోజూ పొద్దున ఆరింటికి ఆ ఆసుపత్రి గేటు ముందు నుంచి ఒక వ్యాను బయల్దేరుతుంది, నలభై ఏడు మైళ్ళ అవతలి ఆసుపత్రికి. నిండు చూలాళ్ళు చలిలో నిలబడి ఉంటారు. ఒకరోజు చీకటితోనే మా ఇంట్లో అల్లం దంచిన చప్పుడు వినపడింది. వర్ధనమ్మ నాకు దుప్పటి చుట్టి, బెల్టు పెట్టి, తీసుకెళ్ళింది. శాలువాకి ఈసారి అసలు పిన్నీసే ఉంది. గేటు దగ్గర కారు దిగి, నన్ను ఎత్తుకుని, నాలుగడుగులు వేసి ఆగింది. గేటు వైపు చూసింది. తర్వాత ఒకటి, రెండు, మూడు అని అడుగులు లెక్కపెట్టుకుంటూ నూట యాభై దాకా వెనక్కి నడిచింది.

అక్కడ కెమెరా లేదు, టేపు పట్టుకున్న మనిషీ లేడు. దూరంగా నిలబడ్డ ఒక అమ్మాయి పొట్ట పట్టుకుని, మా దాకా అంత దూరం నడిచి వచ్చి కప్పు అందుకుంది. అన్ని అడుగులు ఆమె చేత ఎందుకు నడిపించామో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఎర్ర దీపం కరెంటు లేక ఆరిపోయి ఉంది గానీ, టీ వేడిగానే ఉంది.