నిలబడ్డ మెంబరు

గిద్యోను పంచాయతీ మెంబరయ్యాడని విన్న రోజున బీరమ్మ పడీ పడీ నవ్వింది. సంతోషంతో కాదు. కట్టుకున్నవాడి సంగతి ఆమెకు తెలియదా? దొర మేడ మీద కాకి వాలినా లేచి నిలబడే మనిషి. అలాంటివాడు బెంచీ మీద కూర్చొని ఊరిని ఏలుతాడట!

అది మొయినాబాదు నుంచి చేవెళ్లకు పోయే బాట పక్కన ఒక చిన్న ఊరు. ఊళ్ళలో పంచాయతీలు పెట్టాలని పట్నం నుంచి హుకుం వచ్చిన కొత్త. మెంబర్లను జనం ఎన్నుకుంటారా అంటే, అబ్బే, పాపం జనానికి ఆ శ్రమ ఎందుకని కిషన్‌రావు దొరే ఎన్నుకున్నాడు. సర్పంచి తాను. మెంబర్లు ఆయన బావమరిది, ఆయన దుకాణంలో పొత్తుదారు, ఆయన వడ్లు కొలిచే మనిషి. కిరస్తానీ వాడ నుంచి కూడా ఒకడుండాలన్నారు గనుక గిద్యోను. వాడలో చదువుకున్నవాళ్ళు లేకపోలేదు. కానీ పుట్టి బుద్ధెరిగి దొర ముందు ఒక్కసారీ కూర్చోనివాడు గిద్యోను ఒక్కడే. దొరకు కావలసిన చదువు అదే.

ఆ నెలలోనే మిషను దొరసాని వాడ బడిలో బొమ్మల దీపం వేసింది. గోడకు కట్టిన తెల్ల దుప్పటి మీద ఆమె పుట్టిన ఊరు కనబడింది. ఇంగ్లండులో హెల్స్‌బరీ అట.

"ఇది మా నగర సభ. ఈయన మేయరు," అన్నది దొరసాని. ఒక లావుపాటి ముసలాయన. మెడలో బంగారు గొలుసు బొడ్డు దాకా వేలాడుతోంది. ఆడవాళ్ళంతా "అవ్వో!" అన్నారు. "ఇదిగో ఈయన మా ఊరి పక్షాన లండను పార్లమెంటులో కూర్చునే సభ్యుడు. ఓట్ల కోసం ఇంటింటికీ తిరిగి తలుపు తట్టాడు. చెప్పులు కుట్టేవాళ్ళ ఇళ్ళకు కూడా వెళ్ళాడు."

"మీ ఇంటికి గూడ వచ్చిండా అమ్మా?" అని అడిగింది బీరమ్మ.

"వచ్చాడు. నీకు ఓటు వెయ్యనని మా అమ్మ అతని మొహం మీదే చెప్పింది."

"మొఖం మీదనే! మరి ఆయన ఏం జేసిండు?"

"టోపీ తీసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు."

కిషన్‌రావు దొర తన గుమ్మం ముందు తలపాగా తీసి నిలబడ్డట్టు ఊహించుకుంటే బీరమ్మకు కడుపు నిండినంత పనయింది. వెంటనే ఇంకొకటి తోచింది. "ఆ పార్లమెంటోల్లే గద అమ్మా, మన పట్నంల తెల్ల రెసిడెంటు దొరను కూసోబెట్టింది? మరి మమ్ముల ఓటడగనీకె ఎవలూ రాకపాయె?"

దొరసాని ముఖం ఎర్రబడింది. "సర్కారు సంగతులు మనకెందుకు బీరమ్మా? ప్రార్థన చేద్దాం," అని దీపం ఆర్పేసింది. మేయరు గొలుసుతో సహా దుప్పట్లో కలిసిపోయాడు.

ఇక మన నగర సభ సంగతి. మొదటి సభకు చేవెళ్ల నుంచి సర్కారు అధికారి గిర్దావరు వచ్చాడు. చావడిలో బెంచీలు వేశారు. గిద్యోను తన బెంచీ పక్కన, దానికి కాపలా ఉన్నట్టు, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. బీరమ్మ తక్కిన ఆడవాళ్ళతో బయట గోడ దగ్గర నుంచి చూస్తోంది. సర్కారు ఊరికిచ్చిన వీధి దీపాల కందిళ్ళన్నీ దొర గల్లీలోనే పెట్టాలని కిషన్‌రావు చెప్పాడు. "ఒప్పుకున్నోల్లు లేవుండ్రి," అన్నాడు గిర్దావరు. దొరా ఆయన మనుషులూ లేచారు. గిద్యోను ఎలాగూ నిలబడే ఉన్నాడు. గిర్దావరు "సబ్ రాజీ", అంటే అందరూ ఒప్పుకున్నారని రాసుకొని చాయ్ తాగి పోయాడు.

"ఎందుకు లేచినవయ్యా నువ్వు?" ఇంటికి రాగానే బీరమ్మ విరుచుకుపడింది.

"నేనేడ లేచిన? కూసోలే, గంతే," అన్నాడు గిద్యోను అమాయకంగా. బీరమ్మ తల గోడకేసి కొట్టుకుంది.

కందిళ్ళు పోతే పోయాయి, వాడకు చీకటి కొత్తేమీ కాదు. కానీ తరవాత సభలో బావి సంగతి వస్తుందని తెలిసినప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. వాడ మొత్తానికి వాగులోని చెలిమెలే గతి. ఇసుక తోడి, ఊరిన నీళ్ళు ముంతతో ముంచుకోవాలి. ఆ నీళ్ళు తాగే మొన్న ఎండాకాలం గత్తర, అదే కలరా, తగిలి ఆమె చిన్నబిడ్డ శాంత పోయింది. మిషనువాళ్ళు అర్జీలు పెట్టగా పెట్టగా వాడకొక బావి మంజూరైంది. దాన్ని తన జామతోటలో తవ్వించుకోవాలని కిషన్‌రావు ఎత్తు. జాగా మార్చాలంటే మెంబర్లంతా ఒప్పుకోవాలి. ఒక్కడు కాదంటే బావి వాడదే.

"నువ్వేం మాట్లాడకు. ఊకె కూసో. మన శాంత కోసం కూసో," అన్నది బీరమ్మ.

ఆ సాయంత్రం నుంచి కూర్చునే చదువు మొదలైంది. గిద్యోనును పీట మీద కూర్చోబెట్టి, బీరమ్మ తలపాగా చుట్టుకొని దొరలా దగ్గేది. దగ్గు వినపడగానే ఆయన ఎగిరి లేచేవాడు. "నేనయ్యా! నీ పెండ్లాన్ని!" అని ఆమె తిట్టిపోసేది. నవ్వూ వచ్చేది, కడుపూ మండేది. చివరికి ఎలాగో, బీరమ్మ గొంతు పోయేలా దగ్గినా ఆయన కదలకుండా కూర్చున్నాడు.

సభ రోజున గిద్యోను బెంచీ అంచున కూర్చున్నాడు. కళ్ళు మూసుకొని, దవాఖానలో సూది వేయించుకునేవాడిలా బిగుసుకుపోయాడు. కిషన్‌రావు ఆయన వంక ఒకసారి చూశాడు, మీసం దువ్వాడు.

"గిర్దావర్ సాబ్, లేచుడు కూసునుడు ఎందుకు ఊకె? ఒప్పుకున్నోల్లు కూసొనే ఉంటరు. లేస్తే కాదన్నట్టు. గంతే."

"ఠీక్ హై," అన్నాడు గిర్దావరు. ఆయనకేం పోయింది!

గిద్యోను కళ్ళు తెరిచి బిత్తరపోయి చూశాడు. గోడవతల నుంచి బీరమ్మ లే, లే అని చేతులు ఊపింది. ఆయన లేచాడు.

కిషన్‌రావు పకపకా నవ్వాడు. "చూస్తున్రా సాబ్? వీడు నా ముందట కూసోడు. పుట్టినప్పటి సంది గంతే. మర్యాద."

"మర్యాదకు కాదు దొరా," అన్నాడు గిద్యోను. ఆ మాట అందరికీ వినబడింది. "కాదని లేచిన."

"నోటి మాట లెక్కకు రాదు," అన్నాడు గిర్దావరు విసుగ్గా. "మొన్న నిలబడితే రాజీ అని రాసినం. ఇయాల నిలబడితే ఇంకోటి రాస్తమా?" మళ్ళీ "సబ్ రాజీ" రాసేశాడు.

జామతోటలో బావి తవ్వకం మొదలైంది. గడ్డపారల చప్పుడు వాగు దాకా వినిపించేది. ఒకరోజు బీరమ్మా తక్కిన ఆడవాళ్ళూ చెలిమెల చుట్టూ కూర్చొని ఉన్నారు. గిద్యోను కూడా కుండ పట్టుకొని వచ్చి బీరమ్మ పక్కన ఇసుకలో కూర్చున్నాడు. అంతలో దొర బండి వాగు దాటుతూ వచ్చింది. బండి కనబడగానే వాడంతా లేచి నిలబడి పక్కకు తొలగడం తాతల నాటి నుంచి అలవాటు. ఈసారి ఒక్కరూ లేవలేదు.

కిషన్‌రావు బండి ఆపించాడు. "ఏందే, కండ్లు నెత్తికెక్కినయా? లేస్తలేరేంది?"

"లేస్తే కాదన్నట్టు అని మీరే చెప్తిరి గద దొరా," అన్నది బీరమ్మ, ముంత చేతిలోనే ఉంచుకొని. "మీ మాట కాదనేటంత పెద్దోల్లమా మేము? అందుకే కూసున్నం."

"గిద్యోనూ!" దొర గొంతు వాగంతా మోగింది.

గిద్యోను కాళ్ళు అలవాటు చొప్పున లేవబోయాయి. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద వేసి అదిమి పట్టుకున్నాడు.

"నాది గూడ రాజీనే దొరా," అన్నాడు, కూర్చొనే ఉండి.

బండి కదిలిపోయింది. చెలిమెలో నీళ్ళు ఇంకా ఊరలేదు. బీరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకొని, ముంత పక్కన పెట్టి, మొగుడి పక్కకు ఇంకొంచెం జరిగి కూర్చుంది.