నెమ్మదిగా కురిసిన వాన

వాన.

రేకుల మీద వాన. ఒక్కో చినుకూ బరువుగా, ఆగి ఆగి... శవపేటిక మీద మట్టి వేస్తున్నట్టు.

మా తొలి ఆల్బమ్ అలా మొదలవుతుంది. మొదలయ్యేది — అనాలేమో ఇక.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. వాడకం మానేసిన టైర్ల గోడౌన్‌లో నలుగురం. గిటారు మా బావ. కీబోర్డు మా అక్క. డ్రమ్స్ దగ్గర ఒక మూగమొద్దు, బాదడం తప్ప మాట్లాడడు. పాడేది నేను. గోథిక్ మెటల్ అనే ఆ చీకటి సంగీతం అంటే ఇంట్లో ఒక్కరికీ తెలియదు. పెళ్లి కావలసిన పిల్లవి, ఆ చావుపాటలేంటే అని అమ్మ తిట్టేది.

నల్లబట్టలు వేశాం. గోడ మీది బూజును ఫొటో తీసి అట్ట మీద వేశాం. మేమే దయ్యాలం అనుకున్నాం. నిజానికి అందరికీ జలుబు.

ఆల్బమ్ వచ్చింది. విన్నాను. నా గొంతు పాతాళంలోంచి వస్తోంది.

"ఇది నాదేనా బావా?"

"మైకు అబద్ధం చెప్పదు మరదలా."

నమ్మాను. అక్క మొగుడు కదా — నమ్మాను.

జనం ఆ గొంతునే అడిగారు. స్టేజీ ఎక్కితే ఆ లోతు అందదు. దిగాను. ఇంకా దిగాను. ఉప్పునీళ్లు పుక్కిలించి దిగాను. ఎర్రగా ఉమ్మి, నోరు తుడుచుకుని మళ్లీ దిగాను. ఏడేళ్లు.

తీగలు నొక్కి నొక్కి బావ వేళ్లకు కాయలు కాశాయి. నాకు గొంతులో కాశాయి.

డాక్టరు కోసేశాడు. కాయలతో పాటు గొంతూ పోయింది. మిగిలింది గుసగుస. ఇప్పుడు లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ చేస్తాను. బట్టలు ఎప్పుడిస్తావని అడిగితే చీటీ మీద రాసి చూపిస్తాను. కోపం వస్తే ఇస్త్రీపెట్టె మీట నొక్కుతాను. నా తరఫున అది బుస కొడుతుంది.

అక్క పోయి పదేళ్లు. ఆ తర్వాత బావతో నాకు మాటల్లేవు.

ఈ మధ్యాహ్నం పార్శిల్ వచ్చింది. అదే ఆల్బమ్ — మళ్లీ విడుదల చేస్తున్నారట. అట్ట మీద బూజు పోయింది. నిగనిగలాడే కాకి ఒకటి వచ్చి కూర్చుంది. లోపల చిన్న పుస్తకం. నాలుగు పేజీల నిండా మా బావ మీసం మెలేశాడు.

మూడో పేజీలో ఇది ఉంది.

"మేం రికార్డు చేసిన టేపు మిషన్ ఉండవలసిన దానికంటే వేగంగా తిరిగింది. అందుకే మామూలు మిషన్ మీద వేస్తే అంతా నెమ్మదించి లోతుగా వినిపించింది. ఆల్బమ్ వచ్చిన మొదటి వారమే నాకు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు సరిచేశాను."

మొదటి వారమే.

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. కమురు వాసన వచ్చింది. ఎవరి చొక్కానో. కాలిపోనీ.

నేను ఉప్పునీళ్లు పుక్కిలిస్తుంటే పక్కన కూర్చుని తీగలు బిగించుకున్నాడే — తెలిసి. నేను ఎర్రగా ఉమ్మితే గ్లాసు అందించాడే — తెలిసి. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారు. ఇన్నాళ్లూ అది ఉత్త సామెత అనుకున్నాను.

ఫోన్‌లో మెసేజ్ కూడా పెట్టాడు. "విడుదల రోజు స్టేజీ మీదకి రా మరదలా. పాడక్కర్లేదు. ఊరికే నిలబడు చాలు."

నిలబడాలట.

సీడీని విరిచి పారేద్దామనే బయటికి తీశాను. పారేసే ముందు ఒక్కసారి... లాండ్రీలో పాత ప్లేయర్ ఉంది. పెట్టాను.

వాన.

మామూలు వాన. గబగబా, టపటపా, దండెం మీది బట్టలకోసం పరుగెత్తించే వాన.

తర్వాత ఒక పిల్ల పాడింది. పంతొమ్మిదేళ్లుంటాయి. సన్నని గొంతు, ఎక్కడా ముక్కడం లేదు, మూలగడం లేదు. దిక్కుమాలిన పిల్ల — ఎంత బాగా పాడుతోంది! ఇది చాలదని ఎవరన్నారే నీతో?

మూడో పాటకు ముందు ఒక గొణుగుడు ఉండేది. ప్రేతం మాట్లాడుతోందని అభిమానులు పుకార్లు పుట్టించారు. ఆ వానలో మాకూ ఎప్పుడూ అర్థం కాలేదు. ఈసారి అర్థమైంది.

అక్క.

"చెల్లి గొంతు బొంగురుపోతోందండీ. వాన తగ్గేదాకా ఆగుదామా?"

వెంటనే బావ. "ఆగొద్దు. అదే బాగుంది. కానివ్వు."

మళ్లీ పెట్టాను. అక్క. బావ. మళ్లీ. అక్క కావాలంటే వీడూ వస్తాడు. వీడు సరిచేయకపోతే అక్క రాదు. అదే నాకు మంటగా ఉంది. వీడికి నేను కృతజ్ఞురాలిని కాను, కాలేను, చచ్చినా కాను.

ఫోన్ మోగింది. వాడే.

ఎత్తాను.

"విన్నావా మరదలా? ఎలా ఉంది?"

నా గుసగుస వాడికి ఎందుకు? ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టాను.

"...వాన తగ్గేదాకా ఆగుదామా?"

అక్కడ ఆపేశాను. వాడి జవాబు రాకముందే.

చెప్పు బావా. ఇప్పుడు చెప్పు.

ఫోన్ చెవికి ఆనించాను. ప్లేయర్ ఆగే ఉంది. అయినా చినుకుల చప్పుడు... అక్కడ వాన పడుతున్నట్టుంది.

బరువుగా. ఆగి ఆగి...