సున్నా, జాడ, చూడలేదు

ముప్ఫై ఎనిమిదేళ్ళు వాన కొలిచాను నేను. ఆ ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క చుక్క ఎక్కువ రాయలేదు, ఒక్క చుక్క తక్కువ రాయలేదు. మబ్బులకి కూడా నా సంగతి తెలిసి, నేను గొడుగు మడిచి రిజిస్టరు తెరిచేదాకా ఆకాశంలో వరసగా నిలబడి ఉండేవి. నమ్మనివాళ్ళు నమ్మకండి. ఆ రిజిస్టర్లు ఇప్పటికీ ఏదో ఆఫీసు అటక మీద ఉన్నాయి, వెళ్ళి చూసుకోవచ్చు.

వాన కొలవడం పెద్ద విద్యేమీ కాదు. నేలలో పాతిన డబ్బా, దాని మూతికి గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున ఒకే వేళకి వెళ్ళి, సీసాలో నీళ్ళని గీతలున్న గాజుపాత్రలో పోసి, ఏ గీత దగ్గర ఆగితే ఆ అంకె రాయాలి. నాలుగో తరగతి చదివితే చాలు, నేను ఐదు చదివాను. అసలు విద్యంతా వాన లేని రోజునే ఉంది. చుక్క పడకపోతే సున్నా రాయాలి. కొలవడానికి చాలనంత పడి సీసా అడుగు మాత్రం తడిస్తే 'జాడ' అని రాయాలి. ఏ కారణం చేతనైనా వెళ్ళలేకపోతే 'చూడలేదు' అని రాయాలి. ఈ మూడూ ఒకటి కావు. ఒకటే అనుకున్నవాడు వాన కొలిచేవాడు కాడు, పొద్దుపుచ్చేవాడు.

ఈ సోదంతా నా మనవరాలి కోసం.

దాన్ని ఇంట్లో అందరం నిచ్చెన అంటాం. నడక రాకముందే బీరువా ఎక్కి కూర్చుని, దించబోతే ఏడ్చిన పిల్ల. ఇరవై మూడేళ్ళకి టవర్ క్రేన్ నడిపే లైసెన్సు తెచ్చుకుంది. బస్సు డిపో వెనక పదిహేడంతస్తుల భవనం కడుతున్నారు. అక్కడ కింద నిలబడి ఇనుప చువ్వల కట్టల్ని కొక్కేనికి తగిలించడం, వాకీటాకీలో పై ఆపరేటరుకి "ఎత్తు, ఆపు, దించు" అని చెప్పడం దాని పని. పైన క్యాబిన్లో కూర్చునే పెద్దాయన మూడు నెలల్లో రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నీకిస్తాను, వస్తావా రావా చెప్పు అని సైటు సూపర్‌వైజర్ అడిగాడు. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ అది కలగన్న కుర్చీ.

రానంది.

కళ్ళు తిరుగుతున్నాయట. నిచ్చెనకి కళ్ళు తిరగడమేమిటి? దాని తండ్రి, అంటే మా అబ్బాయి, పిల్లకి భయం పట్టుకుందని తేల్చేశాడు. కోడలు ఉల్లిపాయలు తరుక్కుంటూ కూర్చుంది. ఆ రోజు నుంచి నాకు తిండి సహించలేదు అని రాద్దామనుకున్నాను గానీ, కోడలు ఇది చదువుతుంది. తిండి సహించింది. ఎందుకో తెలుసుకోవాలన్న దురద మాత్రం ఆగలేదు. గమనించడం మొదలుపెట్టాను. పిల్ల రోజూ నల్ల ప్యాంటే వేసుకుంటోంది. పనికి వెళ్ళేటప్పుడు భుజాన సంచి రాళ్ళు నింపినట్టు ఉబ్బి ఉంటోంది. ఒక్కో వారం ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంటోంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆకాశం కేసి చూసినవాడికి ఇంట్లో గుర్తులు ఏం తెలుస్తాయి? ఒక్కటీ అర్థం కాలేదు.

కళ్ళు తిరుగుతుంటే డాక్టరు దగ్గర కాగితం తెమ్మన్నాడు సూపర్‌వైజర్. కోడలికి సెలవు దొరక్క తోడుగా నేను వెళ్ళాను. క్లినిక్కులో ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, గాజుతొట్టెలో ఒంటరి చేప. పిల్ల చేతికి ఒక ఫారం ఇచ్చారు. బరువెంత అన్న చోట పెన్ను నమిలింది. ఎన్ని గంటలు నిద్రపోతారు అన్న చోట వేళ్ళు లెక్కపెట్టింది. నెలసరి ఎన్ని రోజులకోసారి అన్న చోట మాత్రం పెన్ను ఎత్తకుండా 28 అని రాసేసింది. పక్క నుంచి తొంగి చూశాను. చూడడం తప్పే.

పాము కాళ్ళు పాముకే తెలుస్తాయంటారు. నిజంగా కొలిచిన అంకె అంత గుండ్రంగా ఉండదు, చెయ్యి అంత వేగంగా రాయదు.

"అది చూసి రాశావా, ఊహించి రాశావా?" అన్నాను.

"తాతా, అది నీ ప్రశ్న కాదు. నువ్వు చేపను చూసుకో."

చేపను చూశాను. చేప నన్ను చూసింది. ఎంతసేపని చూసుకుంటాం? ఇక లాభం లేదని, నలభై ఏళ్ళుగా కడుపులో దాచుకున్నది దాని చెవిలో వేశాను. మొదట్లో చెప్పిన ఆ ఒక్క చుక్క సంగతి అబద్ధం. వయసులో ఉన్నప్పుడు పక్క ఊరికి సర్కస్ వచ్చింది. ఒక పూట చూసి వద్దామని వెళ్ళి, ఏనుగుకి నేనంటే ఇష్టం ఏర్పడడంతో పదకొండు రోజులు ఉండిపోయాను. తిరిగొచ్చి, అక్కడ ఎండ కాసింది కాబట్టి ఇక్కడా కాసే ఉంటుందని పదకొండు సున్నాలు చక్కగా, ఒకే పెన్నుతో, ఒకే సైజులో రాసి పంపించాను. వారం తిరక్కుండా, నా లెక్కలు చూసే కాలవ ఇంజనీరుగారు నా ఇంటి ముందు నిలబడ్డారు. నా రిజిస్టర్లో ఎండ కాస్తోంది, ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. కాలవ తలుపులు తెరవాల్సిన రోజున తెరవలేదు. కాలవ పొంగి ఒక ఇటుకల బట్టీలో ఎండబెట్టిన పచ్చి ఇటుకలన్నీ కరిగి బురదైపోయాయి.

ఆయన తిట్టలేదు. ఒక్క మాటే అన్నారు. "ఖాళీ వదిలేసి ఉంటే తెలియదనుకుని మేమే వచ్చి చూసుకునేవాళ్ళం. సున్నా రాశావు కాబట్టి నమ్మాం."

నిచ్చెన నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. చేప కూడా ఇటు తిరిగింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయి, ఫారం కేసి చూస్తూ కూర్చుంది.

"తాతా, నాకెప్పుడొస్తుందో నాకే తెలియదు," అంది చివరికి. "ఒక్కోసారి రెండు నెలలు రాదు. వస్తే పన్నెండు రోజులు పోదు. పైకెక్కితే నాలుగు గంటలు దిగడానికి ఉండదు. రెండొందల ఎనభై మెట్లు. కొక్కేనికి రెండు టన్నులు వేలాడుతుండగా మొదలైతే నేనేం చెయ్యాలి?"

నల్ల ప్యాంటు, ఉబ్బిన సంచి, సున్నం గోడ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. "మరైతే చూడలేదనే రాయి," అన్నాను.

28 కొట్టేసి 'తెలియదు' అని రాసి లోపలికి వెళ్ళింది. లోపల ఏం జరిగిందో బస్సులో వస్తూ చెప్పింది. డాక్టరమ్మ కళ్ళజోడు నుదుటి మీదే పెట్టుకుని బల్లంతా దానికోసం వెతుకుతోందట. దొరికాక ఫారమంతా చదివి, ఆ కొట్టివేత దగ్గర ఆగి, చాలామంది ఇరవై ఎనిమిదే రాస్తారు, నువ్వే నయం అందట. రక్తపరీక్షలు, స్కానింగు రాసింది.

వారానికి ఫలితాలొచ్చాయి. హిమోగ్లోబిన్ తొమ్మిది. కళ్ళు తిరిగింది ఎత్తుకి కాదు, ఒంట్లోంచి పోయిన రక్తానికి. థైరాయిడ్ బాగానే ఉంది. మిగతావన్నీ కలిపి చూసి పీసీఓఎస్ అని పేరు పెట్టింది. అండాశయాల్లో గుడ్లు పెరగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతుంటాయట, గుడ్డు విడుదల కాని నెలలో నెలసరి దారి తప్పుతుందట. స్కానింగులో కనిపించే చిన్న చిన్న బుడగలు ఆ ఆగిపోయినవేనట, కోసి తీసెయ్యాల్సిన గడ్డలు కావట. ఇందులో నువ్వు చేసిన తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పిందట. ఇది పోతుందా అని పిల్ల అడిగితే, పోగొట్టేది కాదమ్మా, నడుపుకునేది అందట. ఐరన్ మాత్రలిచ్చి, తొందరపడాల్సింది ఏమీ లేదు కాబట్టి మూడు నెలలు ఏ రోజు ఏమైందో రాసి తీసుకురా, చూశాక మందు ఎంచుదాం అంది. మధ్యలో రక్తం మరీ ఎక్కువ పోతే మాత్రం ఆగకుండా వచ్చెయ్యమంది.

రాయడం అనగానే నాకు పూనకం వచ్చింది. రిటైరైన రోజున ఖాళీ రిజిస్టరు ఒకటి పొరపాటున నా సంచిలో పడింది. అదెలా పడిందో అడక్కండి. తేదీ, కొలత, విశేషాలు అని మూడు గళ్ళు. దాన్ని దులిపి పిల్ల ముందు పెట్టాను.

"ఫోన్లోనే ఉంటుంది తాతా అలాంటిది," అంది. "పెట్టుకున్నాను కూడా. ఇరవై తొమ్మిదో రోజు నుంచి ఆలస్యం, ఆలస్యం అని రోజూ ఎర్రగా మొత్తుకుంటుంటే తీసేశాను."

నా రిజిస్టరు అలా మొత్తుకోదు. రేపేమవుతుందో చెప్పదు, నిన్నటికి తిట్టదు. పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, క్రేన్‌కి కూడా ఇలాంటిదే ఉందని చెప్పింది. పొద్దున్నే తాడు, బ్రేకు, బోల్టులు చూసి, లోపమేమీ లేకపోయినా లోపం లేదని రాసి సంతకం పెట్టాలట. అలా చెబుతూ చెబుతూ మధ్యలో ఆగింది. "యంత్రానికి ఒక్క రోజు మానలేదు," అంది నెమ్మదిగా.

గుర్తులు తనే పెట్టుకుంది. ఏమీ లేకపోతే సున్నా. మరక మాత్రమైతే జాడ. వస్తే, ఆ రోజు మార్చిన ప్యాడ్ల లెక్క. రాయడం మరిచిపోతే చూడలేదు. రిజిస్టరు దాని బీరువాలో ఉంటుంది, నేను తెరవకూడదు. పొద్దున "రాశావా?" అని అడగొచ్చు, "రాశా" అని అది చెబుతుంది. అంతవరకే నా ఉద్యోగం. ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, గుమ్మం అవతల నిలబెట్టింది.

ఒకరోజు వంటింట్లో కోడలు నన్ను ఆపింది. "మామయ్యా, పెళ్ళికి ముందు నాకూ అంతే. ఎవరడిగినా నెలనెలా అనేదాన్ని. అది చెబితే ఇంక ఇంకో ప్రశ్న రాదు కదా," అంది. మన ఇంట్లో ఇరవై ఎనిమిది వంశపారంపర్యం అన్నమాట అన్నాను. గరిటె చూపించింది గానీ నవ్వింది. ఆ సాయంత్రమే తల్లీ కూతుళ్ళు తలుపేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. మా అబ్బాయి వచ్చి ఏమిటి సంగతి అని అడిగితే వాన గురించి అన్నాను.

మొదట నలభై నాలుగు సున్నాలు. ముప్ఫయ్యో సున్నా దగ్గర పిల్లకి విసుగొచ్చింది.

"సున్నా రాయడం కూడా ఒక పనేనా తాతా?"

"అదే పని. అంకెలు ఎవడైనా రాస్తాడు."

నలభై అయిదో రోజున జాడ. మూడు రోజులు జాడే. తర్వాత తొమ్మిది రోజులు అంకెలు. మళ్ళీ ఇరవై తొమ్మిది సున్నాలు, మళ్ళీ మూడు జాడలు, ఆ వెంటనే అంకెలు. ఇవి నాకెలా తెలుసంటే, డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రోజు తనే రిజిస్టరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. విశేషాల గడిలో కళ్ళు తిరిగాయన్న మాట, ఆ తొమ్మిది రోజుల్లో చివరి నాలుగింటి పక్కనే ఉంది. సున్నాల పక్కన రెండు చోట్ల ఇంకో మాట ఉంది: పైదాకా ఎక్కి దిగాను, ఏమీ కాలేదు. ఎవరికీ చెప్పకుండా రెండొందల ఎనభై మెట్లూ ఎక్కి చూసుకుందన్నమాట, గడుగ్గాయి.

మర్నాడు క్లినిక్కులో డాక్టరమ్మ రిజిస్టరు మొదటి పేజీ నుంచి చదివింది. జాడ అన్న మాట దగ్గర వేలు పెట్టి, ఇది ఎవరు నేర్పారు అని అడిగింది. మా తాత అని పిల్ల నన్ను చూపించింది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి, పెద్దాయనా, మీలాంటివాళ్ళు ఇంటికొకరుండాలి అంది.

మందు తేలింది. నెలకి పది రోజులు మాత్రలు వేసుకోవాలి, ఆపిన కొద్ది రోజులకి నెలసరి వస్తుంది. ఇప్పటంత ఎక్కువ రోజులు ఉండకపోవచ్చు, ఎప్పుడొస్తుందో ఇంచుమించుగా ముందే తెలుస్తుంది. వేరే రకం మాత్రలు కూడా ఉన్నాయని వాటి మంచి చెడ్డలు చెప్పింది. పిల్ల దీన్ని ఎంచుకుంది. రెండుసార్లూ జాడ ముందొచ్చింది కదా, ఎప్పుడూ అలాగే వస్తుందా అని అడిగితే, రెండుసార్లు చూసి నియమం చెప్పలేను, రాస్తూ ఉండు అంది. నేనైనా అదే చెప్పేవాణ్ణి. హిమోగ్లోబిన్ పదకొండు దాటింది.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం పట్టుకుని పిల్ల సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది. క్యాబిన్ తీసుకుంటాను గానీ నెలలో నాలుగైదు రోజులు కింద పని చేస్తాను, ఆ తేదీలు వారం ముందు ఇస్తాను, ఆ రోజుల్లో రెండో ఆపరేటరు ఎక్కాలి అంది. ఎందుకని అడిగాడాయన.

"క్రేన్‌కి సర్వీసు రోజులు ఇస్తారు కదా సార్. దాన్ని ఎందుకని అడుగుతారా?"

ఆయన హెల్మెట్ తీసి తల గోక్కుని, ముందే చెబితే నాకేం ఇబ్బంది, చెప్పకుండా మానేసేవాళ్ళతోనే నా బాధ అని డ్యూటీ చార్టు తెరిచాడు. మొదటి నెల నెలసరి అనుకున్నదానికంటే రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. చార్టులో రెండు గళ్ళు దిద్దారు.

నిచ్చెన మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్న రోజు నేను రోడ్డుకి అటువైపు బస్సు స్టాపులో నిలబడి చూశాను. అంత ఎత్తున క్యాబిన్ అగ్గిపెట్టంత ఉంది. కొక్కెం మెల్లగా దిగి, కట్టని పట్టుకుని, తడబడకుండా లేచింది. అడ్డొచ్చిన మబ్బుని అది పక్కకి జరిపింది కూడా. అది మాత్రం నా కళ్ళతో చూశాను.

ఇంతవరకు చెప్పినదాంట్లో నేను కల్పించింది ఒకటుంది. మబ్బు కాదు, ఏనుగూ కాదు. డాక్టరమ్మ లేచి నిలబడలేదు. జాడ అన్న మాట దగ్గర వేలు పెట్టిన మాట నిజమే, మా తాత అని పిల్ల చెప్పిన మాటా నిజమే. అప్పుడామె తలెత్తి, గుమ్మంలోంచి తొంగి చూస్తున్న నన్ను చూసి, "ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి," అంది. వేశాను.