ముత్యాలప్ప కట్టిన ఫ్లెక్సీ

ఆదివారం పొద్దున హిందూపురం మార్కెట్లో ముత్యాలప్ప చేపల అంగడి ముందు కాలు పెట్టే సందుండదు. మంగళూరు నుంచి ఐసు పెట్టెల్లో దిగే సముద్రపు చేపలు పది గంటలకల్లా అయిపోతాయి. అలాంటిది ఆ ఆదివారం పదకొండు దాటినా పెట్టెలు నిండుగానే ఉన్నాయి. భార్య సుశీలమ్మ ఈగలు తోలుతూ కూర్చుంది.

కారణం వాళ్ల నెత్తిమీదే వేలాడుతోంది. మంగళూరులో పరిశోధన చేస్తున్న కూతురు అమృత ఫోటోతో నిలువెత్తు ఫ్లెక్సీ: "సముద్రపు చేపల్లో అణుధార్మికత కనిపెట్టిన మా అమృతకు శుభాకాంక్షలు." పిల్లలకు ర్యాంకు వచ్చినా, ఉద్యోగం వచ్చినా ఫ్లెక్సీ కట్టందే మన తండ్రులకు నిద్ర పట్టదు కదా! చేపల్లో అణుధార్మికత మీద కూతురి వ్యాసం అచ్చయిందని తెలియగానే ముత్యాలప్ప ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అందులో ఏముందో అడగడానికి మాత్రం నామోషీ పడ్డాడు.

వారం వారం వంజరం చేప కొనే హనుమప్ప కూడా ఆమడ దూరంలో నిలబడ్డాడు.

"ఏమప్పా, చేపల్లో అణుబాంబు విషముండాదంటనే?"

"ఎవరు చెప్పిరప్పా?"

"నువ్వే కదప్పా! ఇంత పొడుగు రాయించి కట్టినావు."

ముత్యాలప్ప తలెత్తి ఫ్లెక్సీ వంక చూశాడు. ఇరవై ఏళ్లుగా నిలబెట్టుకున్న అంగడిని చేజేతులా మూసుకుంటున్నానని అప్పుడు తెలిసొచ్చింది. అయినా కూతురి ఫోటో దించడానికి మనసొప్పలేదు.

సుశీలమ్మ ఫోను చేస్తే తరువాతి ఆదివారానికి అమృత వచ్చింది. ఫ్లెక్సీ చూసి పకపకా నవ్వింది. "ఒక్క మాట నన్ను అడగకపోతివా నాయనా!" అని, హనుమప్పను దగ్గరకు పిలిచింది.

"చేపల్లో ఆ అణుధార్మికత జాడ ఉండేది నిజమే మామా. అరటిపండులో ఉండాది, మన ఒంట్లోనూ ఉండాది. సముద్రం ఒడ్డున అణుకేంద్రం చెడిపోతే, ఆ నీళ్లలో తిరిగిన చేపకు ఇంకో గుర్తు అంటుకుంటాది. దాన్నిబట్టి ఆ చేప యాడ నుంచి యాడికి పోయిందో, ఏ నీళ్లు చెడినాయో తెలుసుకుంటాం."

"మరి ఎక్కువైతే?"

"తినొద్దని మొదట చెప్పేది మేమే. దానికే కదా కొలిచేది! మంగళూరు తీరం చేపలు కొలిచినాం. భయపడేంత లేదు."

"నువ్వు తింటావా పాపా?"

"పొద్దున్నే రెండు ముక్కలు తింటి."

హనుమప్ప సంచి చాచాడు. అతని వెనక మరో ఇద్దరు నిలబడ్డారు. మధ్యాహ్నానికి పెట్టెల అడుగున ఐసు తప్ప ఏమీ మిగల్లేదు.

ముత్యాలప్ప తానే నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ దించాడు. "తప్పు నాదేనమ్మా. నీ పేరు చూసి మురిసిపోతినే గాని, నీ పని ఏందని ఒకనాడూ అడగకపోతి. ఇప్పుడు చెప్పు, చేప ఎంత దూరం పోతాది?"

"జపాను కాడ పుట్టి అమెరికా ఒడ్డుదాకా ఈదేవి ఉండాయి నాయనా."

ముత్యాలప్ప నోరు తెరిచాడు. సంతోషంతో మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు.

తెలియనిది అడగడంలో నామోషీ లేదు; అడగకుండా ఊరంతా చాటితే మొదట నష్టపోయేది మన ఇల్లే.